జీతంలో 500 కోతకు ఒప్పుకునే ముందు తలలు లెక్కపెట్టండి

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత, మందులు అమ్మే షాపులో అకౌంట్స్ రాస్తున్నాను. జీతం 18,000. ఈమధ్య మాలో ఒకరు ఆపరేషన్ చేయించుకుని అప్పులపాలయ్యారు. అందరం కలిసి అడిగితే మా ఓనరు గారు గ్రూప్ హెల్త్ పాలసీ తీసుకుంటానన్నారు. కానీ సగం ప్రీమియం మాదేనట, నెలకి 500 జీతంలో కోస్తారట. ఇది సబబేనా? ఆయన మంచివారే, గొడవ పెట్టుకోవాలని లేదు. ఎలా మాట్లాడమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ షాపులో ఎంతమంది పనిచేస్తున్నారో మీరు రాయలేదు. అసలు విషయమంతా అక్కడే ఉందండి. పదిమంది, అంతకు మించి ఉంటే షాపు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా కిందికి వస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కూడా ఇంతే. అప్పుడు సగం సగం అన్న బేరమే లేదు. నెల జీతం 21,000 లోపు ఉన్నవారి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మీ 18,000 మీద మీరు కట్టాల్సింది 135 రూపాయలు, ఆయన కట్టాల్సింది 585. ఆయన వాటాని మీ జీతంలో కోయడానికి వీల్లేదు, మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నా సరే.

అకౌంట్స్ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి లెక్క తేల్చడం కష్టం కాదు. జీతాల రిజిస్టర్‌లో పేర్లు చూసి ఊరుకోకండి, కూలీ వోచర్లూ తీయండి. రోజూ మీ గోడౌన్‌లోనే బస్తాలు దించి, మీ షాపు దగ్గరే కూలీ తీసుకునే హమాలీ, రాత్రి వాచ్‌మన్ లెక్కలోకి వస్తారు. 21,000 దాటిన మేనేజరుకి ఈఎస్‌ఐ వైద్యం రాదు గానీ తలల లెక్కలో ఆయనా ఉంటారు. మేత కంపెనీ జీతమిచ్చి పంపే టెక్నీషియన్ మాత్రం మీ షాపు మనిషి కాదు. ఒకసారి చట్టం వర్తించాక ఇద్దరు మానేసి సంఖ్య తగ్గినా బాధ్యత పోదు.

'ఈఎస్‌ఐ అంటే రాజమండ్రి ఆసుపత్రి దాకా పోవాలి, ఎవరు తిరుగుతారు' అంటారు చాలామంది. దూరం నిజమే. కానీ ఈఎస్‌ఐలో మీ కుటుంబానికీ వైద్యం ఉంటుంది. జబ్బు చేసి పనికి రాలేకపోతే, అంతకుముందటి ఆరు నెలల చందా కాలంలో కావలసినన్ని రోజులు పనిచేసి ఉంటే, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చేతికి వస్తుంది. మామూలు హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు చూస్తుంది, ఇంట్లో బియ్యానికి డబ్బివ్వదు. అప్పులపాలైన మీ తోటి ఉద్యోగిని అడగండి, ఏది ఎక్కువ బరువైందో చెబుతారు.

పదిమంది లేరనుకోండి. అప్పుడు పాలసీ తీసుకోవడం, ఎవరెంత కట్టడం అన్నది మాట్లాడుకునే విషయమే. ఓనరు, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే ఈఎస్‌ఐలో స్వచ్ఛందంగా చేరే దారీ ఉంది. ముందు అది అడగమంటాను. ఆయన గ్రూప్ పాలసీయే మేలంటే, సగం కాకుండా మూడోవంతు మీరు కడతామని మొదలుపెట్టండి. బ్యాంకు ద్వారా కట్టిన ప్రీమియాన్ని ఆయన వ్యాపార ఖర్చుగా చూపించుకోవచ్చని గుర్తుచేయండి. అడిగే సమయం కూడా చూసుకోండి. రైతులు మేత అరువుకు తీసుకుని రొయ్యల పట్టుబడి అయ్యాక కడతారు కదా, చేతిలో డబ్బాడే ఆ నెలలోనే ఏడాది ప్రీమియం మాట ఎత్తండి. అందరూ కాకుండా ఇద్దరు వెళ్లి కూర్చుని మాట్లాడితే ఆయనకీ ఇబ్బందిగా ఉండదు.

పాలసీలో పిల్లలు, అమ్మానాన్న ఉన్నారా, ముందునుంచి ఉన్న షుగర్, బీపీలకు మొదటి రోజునుంచే వర్తిస్తుందా అన్నవి తప్పక అడగండి. ఉద్యోగం మానేస్తే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, ఆ పద్ధతీ కనుక్కోండి. ఎవరి వాటా ఎంతో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, మీ రాతపూర్వక అనుమతి లేకుండా కోత వద్దని అందులోనే పెట్టించండి. జీతంలో కోసి ప్రీమియం కట్టని కేసులు ఆసుపత్రి మెట్లెక్కాకే బయటపడతాయి. అందుకే పాలసీ కాపీ, మీ పేరున్న కార్డు చేతికొచ్చాకే మొదటి నెల కోతకు ఒప్పుకోండి.