విండోస్‌లో షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టేనా?

కాదు, అప్‌డేట్ గానీ కొత్త డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) గానీ వేశాక కంప్యూటర్ రీస్టార్ట్ అడిగితే రీస్టార్టే చేయాలి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులో సేవ్ అయి, మళ్లీ ఆన్ చేయగానే ఆ పాత స్థితే మెమరీలోకి (ర్యామ్‌లోకి) వచ్చేస్తుంది. రీస్టార్ట్‌లో అన్నీ మొదటి నుంచి లోడవుతాయి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద అప్ టైమ్ (సిస్టమ్ మొదటి నుంచి లోడై ఎంతసేపైందో) చూడండి: రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే కంప్యూటర్‌లో కూడా అది పది రోజులు చూపించొచ్చు! కరెంటే ఆగింది కాబట్టి అంతా తుడిచిపెట్టుకుపోయిందని చాలామంది అనుకుంటారు. ర్యామ్ వరకు అది నిజమే, కానీ డిస్కులో దాచింది ఎక్కడికీ పోదు.