షార్ప్ అంటే ఒక్క పదునేనా?

కత్తికి వాడే షార్ప్‌నే నొప్పికి, మలుపుకి, మనిషికి కూడా వాడతారే, ఏది ఎక్కడో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

అసలు అర్థం తెలిసిందే: సన్నటి అంచో మొనో ఉండి, కోసేది, గుచ్చుకునేది. షార్ప్ పెయిన్ అంటే సూదితో పొడిచినట్టు చటుక్కున వచ్చే నొప్పి. అదే సన్నగా, ఆగకుండా సలుపుతుంటే డల్ పెయిన్. డాక్టరు నొప్పి ఎలా ఉందని అడిగితే ఈ తేడా తప్పకుండా చెప్పండి, పనికొస్తుంది. షార్ప్ టర్న్‌లో దారి ఉన్నట్టుండి తిరిగిపోతుంది. ధరల్లో షార్ప్ ఫాల్ అన్నా అంతే, ఒక్కసారిగా పడిపోవడం.

అర్థం తేలనప్పుడు ఆ వాక్యంలో దానికి వ్యతిరేకపదం ఏదో చూడండి. నా దృష్టిలో ఇంతకన్నా మంచి దారి లేదు. కత్తికి బ్లంట్, బుర్రకి డల్, ఫొటోకి బ్లర్డ్, సంగీతంలో ఫ్లాట్ (శ్రుతి కాస్త పెరిగితే షార్ప్, తగ్గితే ఫ్లాట్). ఎక్కువమంది బోల్తాపడేది బ్లంట్ దగ్గర. మొద్దు కత్తి, మొద్దు బుర్ర అని మనం రెంటికీ ఒకే మాట వాడతాం కదా, అందుకని బ్లంట్ మనిషి అంటే తెలివి తక్కువవాడు అనుకుంటారు. కాదు, మొహమాటం లేకుండా ముఖం మీదే చెప్పేసేవాడు.

మనుషుల గురించి వాడినప్పుడు పక్కమాట మీద కన్నేసి ఉంచాలి. 'షి ఈజ్ షార్ప్' అంటే చురుకైనది, పొగడ్తే. 'షి వాజ్ షార్ప్ విత్ మీ' అంటే నాతో కటువుగా మాట్లాడింది అని. ఒక్క 'విత్' చేరేసరికి మెప్పు కాస్తా ఫిర్యాదయింది! షార్ప్ టంగ్ కూడా మెప్పు కాదు, నోటి దురుసు. షార్ప్ ప్రాక్టీస్‌ని గట్టి సాధన అనుకునేరు. చట్టానికి దొరక్కుండా చేసే కపటపు వ్యవహారం అది.

టైముతో వాడితే సరిగ్గా అని అర్థం. అప్పుడు అంకె తర్వాతే రావాలి: 'ఎట్ నైన్ షార్ప్'. 'షార్ప్ నైన్' అన్నది మన అలవాటు, 'షార్ప్‌లీ ఎట్ నైన్' అసలు కుదరదు.

రుచి విషయంలో మాత్రం కారం అనుకోకండి. పులుపు చురుక్కుమనే నిమ్మకాయనీ, బాగా ముగ్గిన ఘాటైన చీజ్‌నీ షార్ప్ అంటారు. మిరపకాయకి వాడే మాట హాట్.