ఫుషిమి ఇనారి: ఫోటోలకేనా, అంతకు మించి ఏమైనా ఉందా?

జపాన్ వెళ్తున్న ఒకరి ప్రశ్న: "క్యోటోలోని ఫుషిమి ఇనారి అనే షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయంలో ఆ ఎర్ర ద్వారాల కింద ఫోటోలు తీసుకోవడం తప్ప ఏముంది? లోపల ఎలా మసలుకోవాలి?"

తప్పకుండా వెళ్లండి. కొండ దిగేటప్పుడు మాత్రం తొందరపడకండి, అసలు సంగతి అప్పుడే కనిపిస్తుంది.

ఎక్కుతున్నంతసేపూ ఆ ద్వారాల స్తంభాలు ఒట్టి సింధూరపు రంగులో ఉంటాయి. వాటిని 'తోరి' అంటారు. వెనక్కి తిరిగి చూస్తే వాటి మీద నల్లటి అక్షరాలు బారులు తీరి ఉంటాయి. ద్వారాన్ని సమర్పించిన మనిషి లేదా సంస్థ పేరు, నిలబెట్టిన తేదీ. మన గుళ్లలో ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయించినట్టే! ఇనారి మొదట వరి పంటను కాచే దైవం. తర్వాత వ్యాపారులకూ ఇలవేల్పు అయింది. మొక్కుగానో, కోరిక తీరినందుకో ద్వారం కట్టించే ఆచారం ఎడో కాలంలో (1603–1868) బాగా వ్యాపించింది. ఇప్పుడు కొండంతా కలిపి దాదాపు 10,000 ఉన్నాయంటారు.

ఆలయం పుట్టుక 711 నాటిదని చెబుతారు గానీ, ద్వారాలు చాలావరకు మన కాలంవే. నేలకు ఆనే చోట కొయ్య పుచ్చిపోతుంది. ఒకచోట మొదలు చివికి ఒరిగిన ద్వారం, దాని పక్కనే రంగు ఇంకా మెరుస్తున్న కొత్తది చూశాను. పురాతన కట్టడమే కావాలంటే కింద ప్రధాన మందిరాన్ని చూడండి. యుద్ధంలో తగలబడ్డాక 1499లో మళ్లీ కట్టినది అది.

పద్ధతులకు భయపడనక్కర్లేదు. ముందు నీళ్ల తొట్టి దగ్గర ఎడమ చేయి, తర్వాత కుడి చేయి కడుక్కుని నోరు పుక్కిలించాలి. పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ ఒకసారి వంగాలి. విగ్రహ దర్శనం, హారతి ఉండవు. మీ మతం ఏమిటని ఎవరూ అడగరు. అడుగడుగునా కనిపించే నక్కలు దేవుళ్లు కావు, ఇనారి దూతలు. వాటిలో ఒకదాని నోట్లో తాళంచెవి ఉంటుంది, అది ధాన్యపు కొట్టుదట.

ప్రవేశ రుసుము లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తెల్లవారుజామున వెళ్తే జనం తక్కువ. శిఖరం ఎత్తు 233 మీటర్లే అయినా మెట్లు మోకాళ్లను పరీక్షిస్తాయి. ఓపిక లేకపోతే కొండ దారి మధ్యలో వచ్చే యొత్సుత్సుజి కూడలి దాకా వెళ్లి ఆగిపోండి. క్యోటో నగరం కనిపించేది అక్కడి నుంచే, శిఖరం మీద చెట్లు అడ్డం.