కండక్టర్ జవాబుతో మొదలుపెట్టు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పీహెచ్‌డీ సీటు వచ్చిందని, డిస్కోర్స్ మీద, అంటే విడి వాక్యాలు కలిసి ఒక మాటగా ఎలా అర్థమవుతాయో దానిమీద పనిచేస్తావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. టాపిక్ తేలక టెన్షన్ పడుతున్నావట. దాన్ని పక్కన పెట్టి, ఓ వారం చుట్టుపక్కల మాటలు విను.

మొన్న కోఠీలో బస్సు దగ్గర ఒకావిడ "మెహిదీపట్నం పోతదా?" అని అడిగింది. కండక్టర్ "లోపలికి జరుగమ్మా" అన్నాడు. ఆవిడ ఎక్కేసింది. అవునని ఎవరూ అనలేదు. ప్రశ్ననూ జవాబునూ కలిపే 'కాబట్టి' లేదు, 'అది' లేదు. అయినా అర్థం అందింది. వాక్యాలను కలిపి కుట్టే పదాల గురించి భాషాశాస్త్రవేత్తలు హాలిడే, హసన్ 1976లో రాసిన పుస్తకం తప్పకుండా చదువు. కానీ కుట్టు కనిపించని ఇలాంటి చోట అది చాలదు. ఒక వాక్యం పక్కవాక్యానికి కారణమా, వివరణా, షరతా అని చూసే పద్ధతి మాన్, థాంప్సన్‌ల 1988 నాటి వ్యాసంలో దొరుకుతుంది.

వాళ్లవి ఇంగ్లీషు ఉదాహరణలు. మన చిక్కులు వేరు. "అక్క బస్సు కోసం చూస్తోంది. ఇప్పుడే వచ్చింది." వచ్చింది అక్కా, బస్సా? క్రియను బట్టి తేలదు, ఇద్దరికీ ఒకటే రూపం. అయినా వినేవాళ్లు బస్సే అనుకుంటారు, ముందు వాక్యంలో ఎదురుచూపు ఉంది కనక. నన్నడిగితే దీనిమీదే ఒక థీసిస్ రాయొచ్చు. 'అయితే'ను కూడా వదలకు. "జ్వరమా? అయితే రేపు రాకు" అన్నప్పుడు అది 'అలాగైతే'. "వాన పడింది, అయితే ఆట ఆగలేదు" అన్నప్పుడు 'కానీ'.

అనుమతి అడిగాకే ఎవరి మాటలైనా రికార్డు చెయ్యి. రాసుకునేటప్పుడు 'ఆఁ', 'ఊఁ'లు, ఆగిన చోట్లు తీసెయ్యకు. మొదట్లో నేను అవన్నీ తీసేసి శుభ్రంగా రాసుకున్నాను. తర్వాత ఎవరెక్కడ తటపటాయించారో తెలియక కేసెట్లన్నీ మళ్లీ వినాల్సొచ్చింది. సంభాషణలను రాసుకోవడానికి గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు తయారుచేసిన పద్ధతిలో మౌనాన్ని సెకనులో పదోవంతు దాకా కొలిచి రాస్తారు. "రేపొస్తావా?" అన్నాక అవతల ఒక్క సెకను చప్పుడు లేకపోతే, రాలేరని మనకు అప్పుడే సగం తెలిసిపోతుంది కదా!

ఏ వాక్యం కారణం, ఏది వివరణ, ఏది షరతు అనే లేబుళ్లు నువ్వొక్కదానివే పెట్టకు. స్నేహితురాలి చేత విడిగా పెట్టించి, ఇద్దరికీ ఎంత కుదిరిందో కప్పా లెక్క కట్టు; ఊరికే కాకతాళీయంగా కుదిరే వాటాను పక్కన పెట్టి ఒప్పుదలను కొలిచే అంకె అది. కుదరని చోట్లు దాచకు, అసలు పని అక్కడే ఉంటుంది.

ఆదివారం ఇంటికి రా. అయిదు నిమిషాల రికార్డింగ్ ఉన్నా చాలు, ఇద్దరం కూర్చుని విందాం.

మీ మామయ్య