ఐదు వేల పౌండ్లలో పాత స్పోర్ట్స్ కారు: కవెంట్రీ వెళ్తున్న అబ్బాయికి జవాబు

సంక్రాంతికి చెన్నై వచ్చి బీసెంట్ నగర్‌లోని మా ఇంట్లో గడిపిన ఈ నెల రోజుల్లో, ఉద్యోగాల మీద ఇంగ్లండ్ బయలుదేరుతున్న తెలుగు పిల్లలు ఎందరో వచ్చి అద్దె ఇళ్ల గురించీ బ్యాంకు ఖాతాల గురించీ అడిగి వెళ్లారు. అయనావరం నుంచి వచ్చిన ఒక అబ్బాయి మాత్రం, "బాబాయిగారూ, కవెంట్రీలో చేరాక ఐదు వేల పౌండ్లలో పాత స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలనుంది, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఎంజీబీ, మాజ్డా ఎంఎక్స్-5, ఈ మూడింటిలో ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు. ఆ ఊళ్లోనే ఇరవై రెండేళ్లుగా ఉంటూ, అటువంటి కార్లు రెండు కొని, ఒకదానితో నిండా మునిగినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

కారు కన్నా ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి. మన దేశపు లైసెన్సుతో అక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు మాత్రమే నడపనిస్తారు. మన లైసెన్సును వాళ్ల లైసెన్సుగా మార్చి ఇవ్వరు గనుక ఆలోగా ప్రొవిజనల్ అనే లెర్నర్ లైసెన్సు తీసుకుని, రాత పరీక్షా డ్రైవింగ్ పరీక్షా రెండూ నెగ్గాలి. పాత కార్లకు ప్రత్యేకంగా బీమా ఇచ్చే కంపెనీలలో చాలా వరకు బ్రిటిష్ లైసెన్సు, రాత్రిపూట కారు ఉంచడానికి గ్యారేజీ, రోజువారీ వాడకానికి ఇంకొక కారు ఉన్నవారినే ఇష్టపడతాయి. అందుచేత కారు నచ్చాక బీమా ధర కనుక్కోవడం కాదు, బీమా ధర కనుక్కున్నాకే కారు చూడటానికి వెళ్లాలి. బీమా లేకుండా ఒక్కసారి పట్టుబడితే 300 పౌండ్ల జరిమానాతో పాటు లైసెన్సు మీద 6 పాయింట్లు పడతాయి; పరీక్ష నెగ్గిన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు చేరితే లైసెన్సే రద్దవుతుంది.

ఇక అసలు విషయం తుప్పు. మన ఊళ్లో పాత కారు కొనేటప్పుడు ఇంజను శబ్దం వింటాం, సైలెన్సర్ పొగ రంగు చూస్తాం, గేర్లు పడే తీరు గమనిస్తాం, టైర్లు నొక్కి చూస్తాం. ఇంగ్లండ్‌లో ఆ చూపు చాలదు. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ముప్ఫై నలభై శీతకాలాల పాటు కారు అడుగున చిమ్ముతూ వచ్చిందని గుర్తు పెట్టుకోవాలి. ఈ సంగతి హైదరాబాదు నుంచి వచ్చేవారికి విడమరచి చెప్పాలేమో గానీ, సముద్రపు గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం చూస్తూ పెరిగిన చెన్నై పిల్లలకు అక్కర్లేదు. ఇంజను చెడితే విప్పి బాగు చేయించవచ్చు, గేర్‌బాక్స్ పోతే ఇంకొకటి తెచ్చి బిగించవచ్చు. ఒళ్లంతా తుప్పు తిన్న కారుకు వెల్డింగ్ పని మొదలైతే అది ఎక్కడ ఆగుతుందో చేసేవాడు కూడా చెప్పలేడు.

నువ్వడిగిన మూడింటిలా గట్టి పైకప్పు లేని కార్లలో ఈ బాధ మరింత ఎక్కువ, ఎందుకంటే కప్పు మోయవలసిన బరువును కూడా తలుపుల కింద పొడవునా సాగే బోలు ఉక్కు పెట్టెలే మోస్తాయి. వాటిని అక్కడివారు సిల్స్ అంటారు. ఎంజీబీకి అడుగున విడిగా షాసీ, అంటే ఉక్కు చట్రం, లేదు, కాబట్టి సిల్ పోతే కారు నడుము విరిగినట్టే. తలుపు మూసి, దానికీ వెనక భాగానికీ మధ్య సందు చూడండి. పైన ఇరుకై కింద వెడల్పైతే కారు మధ్యలో కుంగిందని అర్థం. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్స్ మీదా చక్రాల చుట్టూ ఆనించి చూస్తే, అంటుకోని చోట ఉన్నది ఉక్కు కాదు, పుట్టీ అని తెలుస్తుంది. సీట్ల ముందు పరిచిన తివాచీ ఎత్తి చూడటానికి మొహమాటపడకండి. ఎత్తవద్దనే యజమాని దగ్గర కారు కొననే వద్దు.

నేను మునిగింది ఇక్కడే. 2009లో 2,800 పౌండ్లకు ఒక ఎంజీబీ కొన్నాను. మా చిన్నప్పుడు పుదుపేటలో మా కుటుంబానికి తెలిసిన మెకానిక్ నేర్పిన విద్యంతా ప్రయోగించి ఇంజను చెవులారా విన్నాను, అది నిజంగానే బాగుంది. అడుగున తుప్పు పట్టకుండా వేసే నల్లటి అండర్‌సీల్ కొత్తగా పూసి ఉంటే యజమాని ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అని మురిసిపోయాను కూడా. తరువాతి సంవత్సరం, కార్లకు ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఆ నలుపు మీద చిన్న సుత్తితో తట్టగానే అది అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం. రెండు సిల్సూ కోసి కొత్తవి వెల్డింగ్ చేయించడానికి అయిన 2,300 పౌండ్ల మాట ఇంట్లో చాలా రోజుల వరకు చెప్పలేదు.

స్పిట్‌ఫైర్ మీద నాకు పక్షపాతం ఉంది. 1960లలో మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసిన హెరాల్డ్ కారు మా పెద్దల తరానికి బాగా తెలుసు. ఆ హెరాల్డ్ షాసీనే కురచ చేసి, దాని మీద కట్టిన రెండు సీట్ల కారే స్పిట్‌ఫైర్. 1962 నుంచి 1980 వరకు తయారైన ఆ కారు పుట్టిల్లు కవెంట్రీలోని క్యాన్లీ. బోనెట్ మొత్తం ముందుకు వాలి ఇంజను నాలుగు వైపులా చేతికి అందుతుంది గనుక, సొంతంగా రిపేరు నేర్చుకోవాలనే వారికి ఇంతకన్నా అనువైన కారు నేను చూడలేదు. దీన్ని చూసేటప్పుడు ఒక స్నేహితుణ్ని క్లచ్ తొక్కమని, ఇంజను ముందున్న క్రాంక్ పుల్లీని గమనించండి. అది కంటికి కనిపించేంతగా ముందుకూ వెనక్కూ కదిలితే క్రాంక్‌ను అలా కదలకుండా ఆపే లోపలి థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయని, అవి జారి పడిపోతే ఇంజను బ్లాకే పాడవుతుందని తెలుసుకోండి.

అయినా మొదటిసారి కొనేవారికి నా సలహా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన ఈ కారు పాత బ్రిటిష్ కార్ల సరదానంతా ఇస్తూనే వర్షంలో కూడా తెల్లవారి స్టార్టవుతుంది. పైకి లేచే హెడ్‌లైట్లున్న మొదటి తరం 1997తో ఆగిపోయింది, 2005 వరకు వచ్చింది రెండో తరం. గుడ్డ కప్పు మీద పడిన వాన సీట్ల వెనక ఇరువైపులా ఉన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీరు సిల్ లోపలే నిలిచి, వెనక చక్రాలకు ముందున్న సిల్ భాగాన్ని తినేస్తుంది. రెండో తరంలో దీనితో పాటు ముందు షాసీ కాళ్లను, అంటే ఇంజనుకు ఇరువైపులా ఉండే ఉక్కు దూలాలను కూడా చూడాలి. జపాన్ నుంచి యూనోస్ పేరుతో దిగుమతైన వాటిలో మీటరు కిలోమీటర్లలో ఉండేది, తరువాత మైళ్లకు మార్చి ఉండవచ్చు, అంకెలు సరిచూసుకోండి.

ఆ అంకెలను సరిచూడటానికి ఎంఓటీ తనిఖీ చరిత్ర ఉంది. నంబరు ప్లేటు అంకెలు ఇస్తే ప్రభుత్వ సైటు ఏటేటా నడిచిన మైళ్లనూ, ఏ భాగానికి తుప్పు మొదలైందని తనిఖీదారు రాశాడో ఆ మాటలనూ ఉచితంగా చూపిస్తుంది. మూడేళ్లుగా తుప్పు అని రాస్తూ వచ్చి నాలుగో ఏట ఆ మాట మాయమైతే, వెల్డింగ్ రసీదు అడగండి. 40 ఏళ్లు నిండి, పెద్ద మార్పులు చేయని కార్లకు రోడ్డు పన్నూ ఎంఓటీ రెండూ అక్కర్లేదు కాబట్టి స్పిట్‌ఫైర్, ఎంజీబీ అమ్మేవారు దాన్ని పెద్ద లాభంగా చెబుతారు. తనిఖీ లేకపోవడం కొనేవారికి లాభం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. డబ్బు కట్టి స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించమని అడగండి. ఎంఎక్స్-5 ఇంకా ఆ వయసుకు రాలేదు గనుక అన్నీ కట్టాల్సిందే; తొంభైలనాటి కారుతో బర్మింగ్‌హామ్ నడిబొడ్డులోకి వెళ్తే కాలుష్య రుసుము కింద రోజుకు 8 పౌండ్లు అదనం. టివిడేల్ బాలాజీ గుడి ఆ పరిధికి బయటే ఉంది, దర్శనానికి నిశ్చింతగా వెళ్లి రావచ్చు.

వీ5సీ అనే లాగ్‌బుక్కు మన ఆర్‌సీ లాంటిదే అనుకుంటారు, కానీ అందులో ఉండేది రిజిస్టర్డ్ కీపర్, అంటే కారుకు బాధ్యుడైన మనిషి పేరే, అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. కారు మీద తీరని అప్పు ఉందేమో కొద్ది పౌండ్లు కట్టి వేరుగా విచారించుకోవాలి. పెట్రోలు విషయంలో, 2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలుగా దొరికేది పది శాతం వరకు ఇథనాల్ ఉన్న ఈ10. పాత రబ్బరు గొట్టాలను అది దెబ్బతీస్తుంది గనుక కొంచెం ఖరీదైన ఈ5 సూపర్ పోయించండి.

ఐదు వేలూ కారుకే పెట్టకుండా, మూడున్నర వేలలో కొని మిగతాది మొదటి ఏడాదికి ఉంచుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు దాన్ని చెన్నైకి ఓడలో తెచ్చుకోవచ్చా అని ఆ అబ్బాయి చివరగా అడిగాడు. తయారై మూడేళ్లు దాటిన వాడిన కారును మన దేశంలోకి మామూలుగా రానివ్వరు, వచ్చే వాటికి కూడా సుంకం కారు ధరను మించుతుంది. అతను ఫోన్‌లో చూపించిన మూడు ప్రకటనల్లో రెండు కార్లకు అడుగున కొత్త నలుపు ఉంది, వద్దన్నాను. మూడోది లెమింగ్టన్‌లో ఉన్న 1996 నాటి ఎంఎక్స్-5. మనం వచ్చేసరికి ఇంజను వేడి చేసి ఉంచవద్దని యజమానికి ముందే చెప్పి, వాన లేని రోజు పగటిపూట వెళ్లి చూడమన్నాను.