మిర్యాలగూడ నుంచి నల్గొండకు రోజూ తిరగడానికి రేసింగ్ బైక్ పనికొస్తుందా?

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: ఇల్లు మిర్యాలగూడలో, ఉద్యోగం నల్గొండలో, రానూపోనూ రోజుకు 80 కిలోమీటర్ల పైమాటే. నీకేమో రేసింగ్ రక్తం ఉన్న స్పోర్ట్స్ బైక్ కావాలి, మీ నాయనేమో నడుములు పోతాయంటున్నాడు. నేను ఉండేది నల్గొండలో, నడిపేది టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310. అందుకే జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మీ నాయన మాట సగం నిజం. ముందు పట్టేసేది నడుం కాదు, మణికట్లు. ఈ బండ్లకు హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు పైకీ వెనక్కీ ఉంటాయి. మలుపులో బండిని బాగా వంచినప్పుడు ఫుట్‌రెస్ట్ రోడ్డుకు గీసుకోకూడదు, ముందు చక్రం మీద బరువు ఉండాలి, అందుకని. క్లాక్ టవర్ దగ్గర ఆటోల మధ్య మెల్లగా పోతుంటే మన ఒళ్లంతా అరచేతుల మీదే మోస్తాం. అదే ఊరు దాటి 70, 80లో పడ్డామంటే ఎదురుగాలి ఛాతీని పైకి లేపుతుంది, చేతులు తేలికవుతాయి. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకోవడం అలవాటైతే ఇంకా హాయి. కాబట్టి నీకు హైవే కష్టం కాదు, రెండు చివర్లా ఉన్న టౌన్ ట్రాఫిక్కే కష్టం.

ఇక అసలు సంగతి. టీవీఎస్ వాళ్ల రేసింగ్ టీమ్ 1982 నుంచి ఉంది. 2016 ఆటో ఎక్స్‌పోలో అకులా అని ఒక నమూనా చూపించారు, దాన్నుంచే 2017 డిసెంబర్‌లో ఈ ఆర్‌ఆర్ 310 వచ్చింది. 312 సీసీ ఇంజిన్ బీఎమ్‌డబ్ల్యూతో కలిసి చేసింది. అందులో సిలిండర్‌ను వెనక్కి వంచి, హెడ్‌ను తిప్పి పెట్టారు: గాలి ముందు నుంచి పోతుంది, పొగ వెనక నుంచి వస్తుంది. దానివల్ల ఇంజిన్ బరువు ముందుకు జరుగుతుంది, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ఆర్మ్‌ను పొడుగ్గా పెట్టుకోవచ్చు, స్పీడులో బండి ఊగదు. టాప్ స్పీడ్ 160 దాకా చెప్తారు. నాలుగు లైన్ల హైవే మీద బైకుకు 2018లో కేంద్రం పెట్టిన పరిమితేమో 80. అంటే సగం స్పీడు ఎలాగూ వాడలేం. మరి ఆ డబ్బంతా దేనికంటావా? బ్రేకుకు.

తిప్పర్తి దాటాక ఒక సాయంత్రం ఎడమవైపు తుమ్మచెట్ల చాటు నుంచి బర్రె ఒకటి నేరుగా రోడ్డెక్కింది. ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే లివర్ కింద వేళ్లకు ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) టకటకమని తగిలింది, ముందు ఫోర్కులు దిగాయి, బండి మాత్రం గీత గీసినట్టు పోయి ఆగింది. బర్రె తల తిప్పి కూడా చూడలేదు. 300 ఎంఎం డిస్కు, రెండు చక్రాలకూ ఏబీఎస్, గట్టి ఫ్రేము: మన రోడ్ల మీద రేసింగ్ అక్కరకొచ్చేది ఇక్కడే. షోరూముల్లో మాత్రం స్పీడు గురించే చెప్తారు!

అయితే ఆ బ్రేకు కూడా రెండుచోట్ల చేతులెత్తేస్తుంది. ఒకటి వడ్లు. యాసంగి కోతలైనా, వానాకాలం కోతలైనా మన దగ్గర సగం రోడ్డు కల్లమే. రాత్రి నల్ల పరదాలు కప్పి, అంచులకు రాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పరదా లైటుకు దగ్గరికొచ్చేదాకా ఆనదు. చెదిరిన గింజల మీద టైరు బేరింగు గోళీల మీదికి ఎక్కినట్టే, అక్కడ బండిని వంచినా, ముందు బ్రేక్ పట్టినా పని అయిపోతుంది. రెండోది నాట్ల కాలంలో కేజ్ వీల్ (దమ్ము చేసే ఇనుప చక్రాల) ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డు మీదికి తెచ్చే బురద. చినుకు పడిందంటే సబ్బే. ఈ రెండు సీజన్లలో నేను బండిలో ఉండే రెయిన్ మోడ్ (జారే రోడ్ల కోసం పెట్టిన సెట్టింగ్) లోనే నడుపుతా. అందులో నా బండి పవర్ 34 నుంచి 26 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) లోపుకు దిగుతుంది, యాక్సిలరేటర్ మెత్తగా పలుకుతుంది.

వేడి గురించి కూడా అడిగావు. రేడియేటర్ ఉన్న ఏ స్పోర్ట్స్ బైకైనా మే నెలలో సిగ్నల్ దగ్గర ఫ్యాన్ తిరిగితే తొడలకు సెగ తగులుతుంది, తప్పదు. కూలెంట్ చూసుకో. చైన్‌కు సుమారు 500 కిలోమీటర్లకోసారి లూబ్ కొట్టాలి, నీ లెక్కన వారానికోసారి. పెట్రోల్ లీటరుకు 30 అటూ ఇటూ వస్తుంది, స్ప్లెండర్ అలవాటున్న ఇంట్లో ఆ మాట మెల్లగా చెప్పు.

దీనికి బదులు యమహా ఆర్15 చూస్తే: 155 సీసీ, 18.4 పీఎస్, 142 కిలోలు. ఆర్‌ఆర్ 310 ఏమో 174. రోజూ తిరిగేవాడికి ఆ బరువు తేడా చిన్నది కాదు, ఇంటి ముందు ర్యాంపు మీద వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. నా ఓటు నీకైతే ఆర్15కే. కేటీఎం ఆర్‌సీ 390 మంచి బండే, కానీ 373 సీసీ కాబట్టి ఇన్సూరెన్స్ స్లాబు మారుతుంది. 2022లో కేంద్రం ఖరారు చేసిన థర్డ్ పార్టీ (మనవల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ రేట్లలో 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, ఆపైన 2,804.

సెకండ్ హ్యాండ్ అయితే ఓడోమీటర్‌ను నమ్మకు. హ్యాండిల్ చివర్లు, ఫుట్‌రెస్ట్ కొనలు, లివర్ల మొనలు చూడు, పడ్డ బండి అక్కడే దొరుకుతుంది. ముందు ఫోర్కుల మీద వేలు పెట్టి రుద్దు, ఆయిల్ అంటితే సీల్ పోయినట్టు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే, క్లచ్ జారుతుంటే అది బాగా అరగదీసిన బండే, స్టంట్లు కూడా చేసి ఉండొచ్చు, వదిలెయ్. సైలెన్సర్ మార్చింది కూడా వద్దు, పోలీసులతో రోజూ టెన్షన్.

స్పీడు సరదా తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో శిక్షణకు ఒకసారి వెళ్లు. 3.7 కిలోమీటర్ల ట్రాక్, ఎదురొచ్చే లారీ లేదు, బర్రె లేదు. నాకు అక్కడ మొదట నేర్పింది గేర్లు కాదు, మలుపులో కళ్లు ఎటు పెట్టాలో. తిరిగొచ్చాక మన రోడ్డు మీద కూడా చూపు చాలా ముందుకు పోతోంది.

మీ ఇంట్లో ఉన్న స్ప్లెండర్‌ను మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు. అమ్మను దవాఖానకు తీసుకుపోవాలంటే, చీరతో ఆ ఎత్తు వెనక సీటు ఎక్కడం కాని పని.