పికప్‌లో హెడ్‌లైట్ ఫ్యూజ్ పదే పదే పోతుంటే

అన్నా, రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద లైట్లు ఆరిపోతున్నాయని, మెకానిక్ 15 ఆంప్స్ ఫ్యూజ్ తీసి 30 వేశాడని రాశారు. దయచేసి ఆ 30 ఇవాళే తీయించండి. కరెంటు మోతాదు మించినా ఫ్యూజ్ పోకపోతే వైరే కాలుతుంది. డ్యాష్‌బోర్డు దగ్గర మీకొస్తున్న కమురు వాసన అదే అయ్యుండొచ్చు. అంతవరకూ బండి తీయకండి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి.

ముందు బయట బిగించిన ఫాగ్ లైట్లు చూడండి. రిలే (ఎక్కువ కరెంటును వేరే వైరు గుండా పంపే స్విచ్చు) లేకుండా హెడ్‌లైట్ వైరుకే కలిపేస్తే లోడు ఎక్కువైపోతుంది. తర్వాత ఇంజన్‌కి, క్యాబిన్‌కి మధ్య రేకులో వైర్లు దూరే చోట టార్చి వేయండి. అక్కడి రబ్బరు ఊడితే, మన రోడ్ల కుదుపులకి తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడి రేకుకి తగులుతుంది, ఫ్యూజ్ పోతుంది. రిలే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది.

వైరింగ్ అంతా కంపెనీదే, బండి 7 ఏళ్లలోపుదే అయితే ఫొటోలు తీసి కేంద్ర రవాణా శాఖ రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం) పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.